ఉద్యోగం పోతే భృతి ఎలా అడగాలి: తెల్ల కార్డు ఎక్కడ చూస్తారు, ఎక్కడ చూడరు

పని పోయినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. "మాకు తెల్ల కార్డు లేదు, భృతి రాదు కదా?" అని ఒకరు. "భృతి తీసుకుంటే ఉన్న కార్డు పీకేస్తారేమో?" అని ఇంకొకరు. హిందూపురం గార్మెంట్ యూనిట్లలో కుట్టేవాళ్లు, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో చేసేవాళ్లు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద చేసేవాళ్లు, అందరిదీ ఇదే టెన్షన్.

భృతి అనే పేరుతో మన నోళ్లలో నానేవి రెండు వేర్వేరు సంగతులు. ఒకటి మీ జీతంలోంచి నెలనెలా కోసి కట్టిన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా). అది బీమా. ఇల్లుందా, కారుందా, ఎన్నెకరాలుంది అని అక్కడ ఎవరూ అడగరు. ఎన్ని రోజులు కట్టారు, పని ఎందుకు పోయింది, ఈ రెండే చూస్తారు. రెండోది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సాయం. అక్కడ మీ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు మీ ఇంటి కరెంటు బిల్లు చూస్తారు. ఈ రెండింటినీ కలగలిపేసుకుని, హక్కుగా రావాల్సింది కూడా అడక్కుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. అందుకే ఈఎస్ఐ గురించే ఎక్కువ రాస్తున్నాను.

మీకు ఈఎస్ఐ ఉందా?

పే స్లిప్పు తీసి చూడండి. జీతంలో 0.75 శాతం ఈఎస్ఐ కింద కోసి ఉండాలి. 15,000 జీతానికి 113 రూపాయలు. దానికి మీ యజమాని 3.25 శాతం కలిపి కడతారు. పే స్లిప్పు ఇవ్వని చోట మీ ఆధార్, ఫోన్ నంబర్లతో ఈఎస్ఐసీ (ఈఎస్ఐ నడిపే సంస్థ) పోర్టల్‌లోనో, ఉమంగ్ యాప్‌లోనో వెతకొచ్చు.

నెల జీతం 21,000 దాటనివాళ్లకే ఈఎస్ఐ. దివ్యాంగులకు 25,000. ఈఎస్ఐలో ఆదాయం చూసేది ఈ ఒక్క చోటే, అదీ లోపలికి వచ్చేటప్పుడే. మధ్యలో జీతం పెరిగి 21,000 దాటితే అప్పుడు నడుస్తున్న ఆరు నెలల చందా కాలం (ఏప్రిల్–సెప్టెంబరు లేదా అక్టోబరు–మార్చి) ముగిసేదాకా కోత నడుస్తుంది, తర్వాత ఆగుతుంది. ఆ తర్వాత ఎప్పుడో పని పోతే, పాత చందా చూపించి భృతి అడగడానికి లేదు.

ఆదోని వాళ్లకు, అనంతపురం చుట్టుపక్కల వాళ్లకు ఒక మాట. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్, వేరుశనక్కాయల పొట్టు తీసే మిల్లులను చట్టం సీజనల్ ఫ్యాక్టరీల కింద లెక్కేసి ఈఎస్ఐ నుంచి మినహాయించింది. కేవలం ఆ పనే చేసే మిల్లయితే మీకు ఈఎస్ఐ ఉండదు, అది యజమాని మోసం కాదు. మన సీమలో ఎక్కువమందికి పని దొరికేదే ఆ మిల్లుల్లో, బీమా లేనిదీ అక్కడే. ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాదు. మీరు నేరుగా కింద ఉన్న గ్రామ, వార్డు సచివాలయం భాగానికి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఐపీ నంబర్ (ఈఎస్ఐలో మీ బీమా నంబరు, పది అంకెలది, పెహచాన్ అనే ఈఎస్ఐ కార్డు మీద ఉంటుంది), ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోను, మీ పేరునే ఉన్న బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్ చేసిన చెక్కు, పని పోయిందని చూపించే కాగితం ఏదైనా. ఆ కాగితం లేకపోయినా ఆగిపోకండి, దాని సంగతి కింద చెప్తాను.

బ్యాంకు విషయంలో జాగ్రత్త. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. మన సీమలో చాలా ఊళ్లకు దిక్కయిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. ఈఎస్ఐ రికార్డులో పాత ఐఎఫ్ఎస్‌సీ అలాగే ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. బ్రాంచికి పోయి ఇప్పటి కోడ్ అడిగి రాసుకోండి. కంపెనీ తెరిపించిన జీతం ఖాతా ఇంకా నడుస్తోందో లేదో కూడా చూసుకోండి.

ఈఎస్ఐ భృతి: వరసగా ఏం చేయాలి

దీని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వస్తున్నారు. మీ పని పోయిన తేదీకి పథకం అమల్లో ఉందో లేదో 1800-11-2526 టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి ముందే కనుక్కోండి.

1. దేని మీదా తొందరపడి సంతకం పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ జారేదీ ఇక్కడే. "రేపట్నుంచి పని లేదు, రాజీనామా రాసిస్తే లెక్క తేల్చేస్తాం" అంటారు. రాసిచ్చారంటే రికార్డులో మీ అంతట మీరే మానేసినట్టు అవుతుంది. తనంతట తాను మానేసినవాళ్లకు, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లకు, వయసు నిండి రిటైరైనవాళ్లకు, క్రమశిక్షణ చర్య కింద తీసేసినవాళ్లకు ఈ భృతి లేదు. చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మె కాలానికీ రాదు.

కాగితం ఇవ్వకుండా నోటిమాటతో పంపేస్తే అదే రోజు మీరే ఒక మెసేజ్ పెట్టండి. వాట్సాప్ అయినా, ఈమెయిల్ అయినా సరే. ఇంత చాలు: "పని లేదని చెప్పి ఫలానా తేదీ నుంచి నన్ను రావద్దన్నారు. నేను రాజీనామా చేయలేదు. దయచేసి రిలీవింగ్ లెటర్ ఇవ్వగలరు." జవాబు రాకపోయినా ఫర్వాలేదు, తేదీతో మీ మాట నమోదైంది. ఇంకా గట్టిగా ఉండాలంటే అదే ముక్క రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

2. పోర్టల్‌లోకి వెళ్లి మీ చందా రోజులు చూసుకోండి. ఈఎస్ఐసీ అధికారిక వెబ్‌సైట్‌లో బీమా ఉన్న వ్యక్తి లాగిన్ ఉంటుంది. ఐపీ నంబరుతో లోపలికి వెళ్తే నెలవారీగా ఎన్ని రోజులు, ఎంత జీతం అని కనబడుతుంది. దాన్ని ప్రింట్ తీసుకోండి.

చూడాల్సింది ఇదీ. ఈఎస్ఐకి ఏడాదిలో రెండు కాలాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. పని పోవడానికి ముందు కనీసం రెండేళ్లు ఈఎస్ఐ ఉన్న పనిలో ఉండాలి. పని పోయే ముందు పూర్తయిన కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా ఉండాలి. దానికి ముందున్న మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో మళ్లీ 78 రోజులు ఉండాలి. ఉదాహరణకు ఆగస్టులో పని పోయిందనుకోండి. ముందు అక్టోబరు–మార్చి లెక్క చూడండి, అందులో 78 ఉండాలి. ఆ తర్వాత దాని వెనకున్న మూడింట్లో ఎక్కడైనా ఒకచోట 78.

హిందూపురం వైపు ఒక గార్మెంట్ యూనిట్‌లో చేసిన ఒకావిడ ప్రింటు చూపించింది. ఒక నెల 26, తర్వాతి నెల 13, మళ్లీ 26, మళ్లీ 12. "ఆ నెలల్లో ఒక్క నాగా కూడా పెట్టలేదు సార్, జ్వరమొచ్చినా పోయినాను" అంది. చందా తగ్గించుకోడానికి యజమాని సగం రోజులే రాసిన కేసు అది. ఆమె బ్యాంకు స్టేట్‌మెంటులో మాత్రం ఆ నెలల్లో జీతం నిండుగా పడింది. ఇలాంటివి కనబడితే క్లెయిము వేసేముందే హాజరు కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు జిరాక్సులు పెట్టి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటితో చెప్తే గాలికి పోతుంది.

3. రెండు ఐపీ నంబర్లు ఉన్నాయేమో చూడండి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు పుట్టించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. సర్వీసు రెండు ముక్కలై ఏ ముక్కలోనూ రెండేళ్లు నిండవు. నంబర్లు రెండూ రాసి, ఆధార్ జత చేసి, కలిపేయమని బ్రాంచి ఆఫీసులో అర్జీ ఇవ్వండి. కలిసిందని పోర్టల్‌లో కళ్లారా చూశాకే క్లెయిముకు దిగండి.

4. ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. వెనకటి నాలుగు కాలాల్లో మీ మొత్తం జీతాన్ని 730తో భాగించి, అందులో సగం. అది రోజుకు వచ్చే భృతి. రెండేళ్లలో మొత్తం 3,65,000 జీతముంటే రోజుకు సగటు 500, భృతి 250. తొంభై రోజులకు 22,500. మధ్యలో కొన్ని నెలలు పని లేక మొత్తం 2,92,000 మాత్రమే ఉంటే రోజుకు 200, తొంభై రోజులకు 18,000. "సగం జీతమన్నారు, ఇంత తక్కువేంటి" అని గొడవపడేవాళ్లు ముందు ఈ 730 సంగతి చూసుకోవాలి. పని లేని రోజులు కూడా అందులోనే ఉన్నాయి.

తొంభై రోజులన్నది జీవితం మొత్తానికి. ఒకసారి వాడేస్తే అయిపోయినట్టే.

5. పని పోయిన 30 రోజుల తర్వాత క్లెయిము వేయండి, ఏడాది దాటనివ్వకండి. రాబోయే నెలకు ముందుగా అడగడానికి లేదు. గడిచిన రోజులకే. పోర్టల్‌లో ఈ యోజన పేరుతోనే లింకు ఉంటుంది. పని పోయిన తేదీ వేసేటప్పుడు జాగ్రత్త. మీరు చివరిసారి పనికి పోయిన రోజుకూ, కంపెనీ పంపిన లెక్కలోని చివరి తేదీకీ తేడా ఉంటే క్లెయిము అక్కడే ఇరుక్కుంటుంది. కంపెనీ నెలవారీ లెక్కతో పాటు మానేసిన కారణం కూడా ఒక కోడుగా పంపుతుంది. తీసేసిన మనిషికి "మానేశాడు" అని కోడు పడి ఉంటే మొదటి మెట్టులో పెట్టిన వాట్సాప్ మెసేజే మిమ్మల్ని కాపాడేది.

మొదట్లో ఇరవై రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ అడిగేవాళ్లు, క్లెయిము కంపెనీ ద్వారా పంపమనేవాళ్లు. 2020లో అవి రెండూ తీసేశారు. అయినా ఇప్పటికీ నోటరీకి మూడొందలు, ఫారానికి రెండొందలు అని గుంజే ఇంటర్నెట్ సెంటర్లున్నాయి. ఇవ్వొద్దు. ఆధార్, బ్యాంకు కాగితం స్కాన్ చేసి అప్‌లోడ్ చేస్తే చాలు. అప్‌లోడ్ కాకపోతే ప్రింటు తీసి సంతకం పెట్టి, జిరాక్సులతో మీకు కేటాయించిన బ్రాంచి ఆఫీసులో ఇవ్వండి. ఏ బ్రాంచో పోర్టల్‌లోనే కనబడుతుంది. పని చేసిన ఊరి బ్రాంచి అయ్యుండొచ్చు, మీరుండే ఊరిది కాకపోవచ్చు. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి.

6. అయ్యిందో లేదో చూసుకోండి. క్లెయిము అందిన పదిహేను రోజుల్లో తేల్చాలన్నది ఈఎస్ఐసీ పెట్టుకున్న గడువు. డబ్బు నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది, చేతికివ్వడం ఉండదు. స్టేటస్ మంజూరైందని ఉండి డబ్బు పడలేదంటే ఎక్కువసార్లు తప్పు ఐఎఫ్ఎస్‌సీదే. తిరస్కరించామంటే కారణం రాతలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ కూడా ఉంది. అక్కడ పడిన ఫిర్యాదుకు ఏదో ఒక జవాబు రాయక తప్పదు.

ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా (మనుషులు ఎక్కువయ్యారని తీసేసినా) వేరే దారి ఉంది, అదే మేలు. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద మొదటి ఏడాది సగం జీతం, రెండో ఏడాది పావు వంతు, మొత్తం 24 నెలలు, దాంతో పాటు కుటుంబానికి వైద్యం. ఒకే కాలానికి రెండు పథకాలూ రావు. కాబట్టి మూసివేత నోటీసు గానీ రిట్రెంచ్‌మెంట్ లెటర్ గానీ చేతిలో ఉంటే ముందు దీని గురించి అడగండి. తొంభై రోజులదానికి తొందరపడొద్దు.

పని పోయిన మరుసటి రోజే ఈఎస్ఐ డిస్పెన్సరీకి పోవడం మానేసేవాళ్లున్నారు. అక్టోబరు–మార్చి కాలంలో కట్టిన చందా తర్వాతి జులై నుంచి డిసెంబరు దాకా వైద్యానికి పనికొస్తుంది. ఏప్రిల్–సెప్టెంబరుది వచ్చే జనవరి నుంచి జూన్ దాకా. ఇంట్లో షుగరు, బీపీ మందులు వాడేవాళ్లుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

పీఎఫ్ వేరే సంగతి, అది మీరు దాచుకున్న సొమ్ము. అది తీసినందుకు ఈఎస్ఐ భృతి తగ్గదు. పీఎఫ్ బోర్డు 2025 అక్టోబరులో విత్‌డ్రా నిబంధనలు మార్చాలని నిర్ణయించింది కనుక యూట్యూబ్ పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకండి, పోర్టల్‌లో ఆ రోజు చూపించే ఆప్షన్లనే చూడండి. సర్వీసు ఐదేళ్లు నిండకుండా 50,000 పైన తీస్తే పన్ను కోస్తారు. పాన్ లింకు లేకపోతే ఆ కోత ఇంకా ఎక్కువ.

సచివాలయం దారి: ఇక్కడ ఆస్తి, ఆదాయం చూస్తారు

2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం కింద డిగ్రీ, డిప్లొమా చదివిన 22 నుంచి 35 ఏళ్ల నిరుద్యోగులకు నెలకు వెయ్యి ఇచ్చారు. 2019 ఎన్నికలకు ముందు దాన్ని రెండు వేలు చేశారు, ఎన్నికల తర్వాత ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో మూడు వేల భృతి హామీ వచ్చింది. యువనేస్తానికి తెల్ల కార్డు కుటుంబం అయ్యుండాలన్నారు, ఇకముందు ఏది వచ్చినా మొదట చూసేది అదే అని నా అంచనా. కాబట్టి పథకం వచ్చాక పరుగెత్తేకంటే కార్డు లెక్కలు ఇప్పుడే సరిచేసి పెట్టుకోండి. పెన్షను, ఫీజు రీయింబర్స్‌మెంటు లాంటి వాటికీ అవే లెక్కలు అడ్డుపడుతుంటాయి, పని పోయిన ఇంటికి అవి కూడా దెబ్బతింటే ఇక లేవడం కష్టం.

తెల్ల కార్డుకు, అంటే ఇప్పటి బియ్యం కార్డుకు పెట్టిన కొలతలు ఇవి. కుటుంబ ఆదాయం నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 లోపు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు, రెండూ కలిపినా పది దాటకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్ల లోపు. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు. ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనరు ఇంట్లో ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో వెయ్యి చదరపు అడుగులకు మించిన ఇల్లు ఉండకూడదు.

గమనించారా, ఇందులో మీ ఒక్కరి సంగతి ఎక్కడా లేదు. అంతా ఇంటి లెక్క. అందుకే అసలు పోట్లాట "ఇల్లు అంటే ఎవరెవరు" అన్న చోటే.

1. సచివాలయానికి వెళ్లి మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఎవరెవరు ఉన్నారో చూపించమనండి. పెళ్లై వేరుపడి ఐదేళ్లయినా అన్న కుటుంబంతోనే కలిపి ఉంటే, ఆయన ప్రభుత్వ ఉద్యోగం మీ కార్డుకు అడ్డం పడుతుంది. విడదీయమని అర్జీ ఇవ్వండి, పెళ్లి ధృవీకరణ పత్రం పెట్టండి.

2. అనర్హత చూపిస్తే ఏ కారణంతోనో ప్రింటు అడగండి. "సిస్టంలో రాలేదమ్మా" అంటే ఊరుకోవద్దు. కారణం తెలియకుండా ఏ కాగితం తెచ్చినా దండగే.

3. కారణాన్ని బట్టి ఆ ఆఫీసుకే వెళ్లండి. సచివాలయం వాళ్లు చూసే సమాచారం వేరేవాళ్లది, మూలంలో మారకుండా వీళ్ల దగ్గర మారదు.

కరెంటు అయితే ఏపీఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసు. అద్దె ఇంటి ఓనరు మీటరు మీ ఆధార్‌కు ఎక్కి ఉండొచ్చు, లేదా మీ పేరున ఉన్న మూడు పోర్షన్ల ఇంట్లో మూడు మీటర్లూ మీ ఖాతాలో కలిసి ఉండొచ్చు. సర్వీసు నంబర్లు రాసుకుని పోండి.

కారు అయితే ఆర్టీఓ. అమ్మేసి మూడేళ్లయినా ఆర్‌సీ మీ పేరునే ఉంటే రికార్డులో కారు మీదే. కొన్నవాడిని పట్టుకుని పేరు మార్పించాల్సిందే, వేరే మందు లేదు.

పొలం అయితే తహసీల్దారు ఆఫీసు. నాయన పేరున ఉన్న పన్నెండెకరాల మెట్ట నలుగురు అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని దున్నుకుంటుంటారు, రెవెన్యూ రికార్డు 1బీలో మాత్రం అది ఒక్కరి పేరునే ఉంటుంది. మీతో ఉండే నాయన పేరున ఉంటే పన్నెండూ మీ ఇంటికే పడతాయి. భాగ పరిష్కారం రిజిస్టరు చేయించి మ్యుటేషన్ (రికార్డులో పేర్ల మార్పు) అయ్యాకే ఈ చిక్కు వీడుతుంది. ఇది నెలల పని, ముందే మొదలెట్టండి.

పన్ను అయితే ఇంకో తిరకాసు. బ్యాంకు లోను కోసం రిటర్ను వేసినవాళ్లు చాలామంది. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. పన్ను సున్నా అని చూపే రిటర్ను కాపీ జత చేసి అభ్యంతరం పెట్టండి.

4. అర్జీ నంబరు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే నంబరు వేసి ఇవ్వండి. కొత్తగా మొదటినుంచి రాయకండి, పాత అర్జీ ఎన్ని రోజులుగా పడి ఉందో అధికారికి కనబడాలి.

పల్లెల్లో ఉపాధి హామీ పనికి ఈ కొలతలేవీ లేవు. పని అడిగిన పదిహేను రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 2005 చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో 2025లో తెచ్చిన చట్టంలోనూ ఉంది. చాలామందికి రాకపోవడానికి ఒక కారణం ఇదీ: పని నోటితో అడుగుతారు. రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకుంటేనే ఆ పదిహేను రోజులు మొదలవుతాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు

"నిరుద్యోగ భృతి మూడు వేలు, వెంటనే రిజిస్టర్ చేసుకోండి" అంటూ వాట్సాప్‌లో తిరిగే లింకులు నొక్కకండి. నిజంగా వస్తే మీ సచివాలయంలో తెలుస్తుంది. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకు చెప్పకండి.

ఈఎస్ఐ భృతి నడుస్తుండగా వేరే చోట పని దొరికితే చేరిన రోజు నుంచి భృతి అడగకండి. కొత్త చోట చందా పడగానే పోర్టల్‌లో తెలిసిపోతుంది. తప్పుడు సమాచారం ఇచ్చి ఈఎస్ఐ చట్టం కింద శిక్ష పడినవాళ్లకు ఈ పథకమే వర్తించదు. చేరేటప్పుడు మీ పాత ఐపీ నంబరు రాసిన కాగితం కొత్త కంపెనీ వాళ్ల చేతిలో పెట్టి, "దీన్నే కొనసాగించండి, కొత్తది తీయొద్దు" అని గట్టిగా చెప్పండి. నెల తిరగ్గానే పోర్టల్‌లో ఆ నంబరు మీదే చందా పడిందో లేదో చూసుకోండి.